మాంసపు పశువుల సంకరణంలో ఆబోతు జాతి ఎంపిక

మాంసం కొరకు పెంచే ఆవుల మందను వేరొక జాతి ఆబోతుతో దాటించి సంకర దూడలను పొందదలచినపుడు, ఆ ఆబోతు ఏ జాతికి చెందినదై ఉండవలెనో నిర్ణయించుకొనడాన్ని ఆబోతు జాతి ఎంపిక అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, బ్రెజిల్, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, దక్షిణాఫ్రికా వంటి దేశాలలో మాంసపు పశువుల పెంపకందారులు తీసుకొనే నిర్ణయాలలో ఇది అతి ముఖ్యమైనది. ఆవు ఏడాదికి సాధారణంగా ఒక్క దూడను మాత్రమే ఇస్తుంది. మందలో వదిలిన ఒక్క ఆబోతు అదే కాలంలో 25 నుండి 30 ఆవులను చూడి కట్టించగలదు. ప్రతి దూడకూ సగం లక్షణాలు తండ్రి నుండే వస్తాయి గనుక, ఆబోతు విషయంలో చేసిన పొరపాటు ఒక దూడతో పోక ఆ ఏటి పంట మొత్తానికి తగులుతుంది. పెయ్యలను మందలో ఉంచుకొన్నచో, ఆ ప్రభావం తరువాత అనేక సంవత్సరాలు కొనసాగుతుంది.

అన్ని మందలకు, అన్ని ప్రాంతాలకు పనికివచ్చే "ఉత్తమ జాతి" అనేది లేదు. ఆవులు ఏ జాతివి, అక్కడి ఎండ ఎంత, మేత ఎంత, పుట్టిన పెయ్యలను ఏమి చేయదలచారు, దూడలను ఎవరు కొంటారు అనే ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే జాతి పేరు తేలుతుంది.

చరిత్ర

ఐరోపాలో పశువుల జాతులను వంశావళి పుస్తకాలలో నమోదు చేసే ఆచారం 19వ శతాబ్దంలో స్థిరపడింది. ఇంగ్లండులో షార్ట్‌హార్న్ జాతి వంశావళి 1822లోను, హెర్‌ఫర్డ్ జాతి వంశావళి 1846లోను వెలువడ్డాయి. స్కాట్లండుకు చెందిన కొమ్ములు లేని జాతుల వంశావళి 1862లో వచ్చింది. నేటి ఆంగస్ జాతికి అదే మూలం.

1873లో జార్జ్ గ్రాంట్ అనే వ్యక్తి స్కాట్లండు నుండి నాలుగు ఆంగస్ ఆబోతులను అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానికి తీసుకువెళ్ళాడు. అక్కడి పొడవు కొమ్ముల టెక్సాస్ ఆవులతో వాటిని కలిపినపుడు నల్లని, కొమ్ములు లేని దూడలు పుట్టాయి. అవి చలికాలాన్ని మెరుగ్గా తట్టుకొని, వసంతం నాటికి ఎక్కువ బరువు తూగడంతో ఆ జాతికి అమెరికాలో ఆదరణ పెరిగింది.

అమెరికా దక్షిణ తీరంలోని వేడి, తేమ, పిడుదులు ఐరోపా జాతులకు సరిపడలేదు. అందువలన భారతదేశపు మూపురం గల పశువులను దిగుమతి చేసుకొన్నారు. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతుల కలయిక వలన అక్కడ బ్రాహ్మన్ అనే జాతి రూపొందింది. ఈ జాతి పెంపకందారుల సంఘం 1924లో ఏర్పడింది. టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ అనే పశుక్షేత్రంలో షార్ట్‌హార్న్, బ్రాహ్మన్ జాతులను కలిపి తయారుచేసిన శాంటా గెర్ట్రూడిస్‌ను 1940లో ప్రత్యేక జాతిగా గుర్తించారు. 1960ల చివరి నుండి షారొలే, లిమోసిన్, సిమెంటాల్ వంటి ఐరోపా ప్రధాన భూభాగపు పెద్ద జాతులు ఉత్తర అమెరికాలో విరివిగా వాడుకలోకి వచ్చాయి. వీటిని పోల్చి చూడడానికి నెబ్రాస్కా రాష్ట్రంలోని క్లే సెంటర్ పరిశోధనా కేంద్రంలో జరిగిన దీర్ఘకాలిక ప్రయోగాలు నేటి అవగాహనకు ప్రధాన ఆధారాలు.

సంకర తేజం

వేర్వేరు జాతుల తల్లిదండ్రులకు పుట్టిన దూడ, ఆ రెండు జాతుల సగటు కంటే మెరుగ్గా ఉండడాన్ని సంకర తేజం అంటారు. దీనినే హెటిరోసిస్ అని కూడా వ్యవహరిస్తారు. తల్లిదండ్రుల జాతుల మధ్య దూరం పెరిగినకొద్దీ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. రెండు ఐరోపా జాతులను కలిపినపుడు వచ్చే దానికంటే, ఒక ఐరోపా జాతిని ఒక మూపురం గల జాతితో కలిపినపుడు వచ్చే సంకర తేజం చాలా ఎక్కువ.

సంకర తేజం అన్ని లక్షణాలలోను ఒకే తీరుగా ఉండదు. చూడి కట్టడం, దూడ బ్రతికి నిలవడం, ఆవు ఎక్కువ కాలం మందలో కొనసాగడం వంటి, వంశపారంపర్యంగా తక్కువగా సంక్రమించే లక్షణాలలో ఇది బాగా కనిపిస్తుంది. ఎదుగుదలలో ఒక మోస్తరుగాను, మాంసం నాణ్యతలో స్వల్పంగాను ఉంటుంది. కాబట్టి మాంసం నాణ్యత కావలెనంటే ఆ గుణం సహజంగా గల జాతినే ఎంచుకోవలెను, కేవలం సంకరణం వలన అది రాదు.

దూడకు గల సంకర తేజం కంటే తల్లికి గల సంకర తేజం వలన కలిగే లాభం ఎక్కువ. సంకర ఆవు త్వరగా ఎదకు వస్తుంది, పాలు ఎక్కువ ఇస్తుంది, ఎక్కువ ఈతలు ఈనుతుంది. సంకర తల్లికి పుట్టిన సంకర దూడలను లెక్కించినపుడు, ఆబోతుకు కలిపిన ఒక్కొక్క ఆవుకు పాలు మాన్పించే నాటికి దక్కిన దూడ బరువు శుద్ధ జాతి మందలో కంటే సుమారు 20 శాతం పైగా పెరుగుతుందని క్లే సెంటర్ ప్రయోగాలు చూపాయి.

ముఖ్య జాతులు, వాటి గుణాలు

• ఆంగస్: స్కాట్లండు జాతి. నలుపు లేదా ఎరుపు రంగు, కొమ్ములు ఉండవు. దూడలు తక్కువ బరువుతో పుడతాయి. త్వరగా ఎదకు వస్తుంది. కండలో సన్నని కొవ్వు చారలు ఏర్పడతాయి గనుక మాంసానికి మంచి ధర పలుకుతుంది. తీవ్రమైన ఎండను తట్టుకోలేదు.

• హెర్‌ఫర్డ్: ఇంగ్లండు జాతి. ఎర్రని ఒళ్ళు, తెల్లని ముఖం. సాధువు. పచ్చిక మీదనే బ్రతకగలదు. తెల్ల ముఖం సంకర దూడలలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

• షారొలే: ఫ్రాన్సు జాతి. తెలుపు లేదా మీగడ రంగు. ఎదుగుదల వేగం, కండ ఎక్కువ. దూడలు పెద్దవిగా పుడతాయి.

• లిమోసిన్: ఫ్రాన్సు జాతి. కళేబరంలో మాంసం పాలు ఎక్కువ, కొవ్వు తక్కువ. కొన్ని వంశాలలో బెదురు స్వభావం కలదు.

• సిమెంటాల్: స్విట్జర్లాండు జాతి. పాలు, మాంసం రెండూ సమృద్ధి. ఒడ్డూ పొడవూ ఎక్కువ గనుక మేత కూడా ఎక్కువ కావలెను.

• బెల్జియన్ బ్లూ: మయోస్టాటిన్ అనే జన్యువులో మార్పు వలన కండలు అసాధారణంగా పెరిగిన జాతి. శుద్ధ జాతి ఆవులలో అత్యధిక ఈతలు శస్త్రచికిత్సతోనే జరుగుతాయి.

• బ్రాహ్మన్, నెలోర్: భారతీయ మూలాలు గల మూపురపు జాతులు. ఎండను, పిడుదులను, నాసిరకం మేతను తట్టుకొంటాయి. దీర్ఘాయువు కలవి. ఆలస్యంగా ఎదకు వస్తాయి. మాంసం కొంత గట్టిగా ఉంటుంది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

ఆవుల మంద: ఎంపిక ఆబోతుతో కాక ఆవులతో మొదలు కావలెను. ఆవులలో లేని గుణాన్ని ఆబోతు పూరించవలెను. చిన్న ఆకారం, మంచి మాతృత్వం గల ఆవులకు కండ పెంచే జాతి సరిపోతుంది. ఇప్పటికే పెద్ద ఆకారం గల ఆవులకు మరింత పెద్ద జాతి ఆబోతును కలిపి, ఆ పెయ్యలను ఉంచుకొంటే, మేత ఖర్చు పెరిగి లాభం తరిగిపోవచ్చును.

శీతోష్ణస్థితి: దూడ మాత్రమే కాదు, ఆబోతు కూడా ఆ ఎండలోనే తిరగవలెను. వేడికి తాళలేని ఆబోతు నీడ వదలి రాదు, దాని వీర్యం నాణ్యత తగ్గుతుంది. ఆవులు ఎదకు వచ్చినా చూడి కట్టవు. పిడుదులు లేని ప్రాంతం నుండి తెచ్చిన ఆబోతులు బాబీసియోసిస్, అనాప్లాస్మోసిస్ వంటి పిడుదుల జ్వరాలతో చనిపోయే ప్రమాదం కలదు.

ఈత సౌలభ్యం: దూడ బరువు ఆవు కటి వెడల్పును మించితే ఈత కష్టమవుతుంది. అటువంటి ఈతలో దూడ చనిపోవచ్చును, ఆవు కూడా చనిపోవచ్చును. ఆవు బ్రతికినా తిరిగి ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఏడాది పొడవునా ఆవును మేపిన ఖర్చంతా దూడతోపాటే పోతుంది. తొలిచూలు పెయ్యలకు ఈ ప్రమాదం అధికం. అందువలన ఎదిగిన ఆవులకు షారొలే వంటి పెద్ద జాతి ఆబోతును వాడేవారు కూడా తొలిచూలు పెయ్యలకు తక్కువ బరువు దూడలనిచ్చే ఆంగస్ వంటి జాతిని ఎంచుకొంటారు.

తల్లి ఎవరు, తండ్రి ఎవరు: రెండు జాతులు అవే అయినా, తండ్రి ఏ జాతి, తల్లి ఏ జాతి అన్నదానిని బట్టి ఫలితం మారుతుంది. బ్రాహ్మన్ ఆబోతును ఐరోపా జాతి ఆవుతో కలిపినపుడు దూడలు, ముఖ్యంగా మగ దూడలు, చాలా బరువుతో పుడతాయి. చూడి కాలం కూడా కొన్ని రోజులు పొడుగుతుంది. దీనికి భిన్నంగా ఐరోపా జాతి ఆబోతును బ్రాహ్మన్ ఆవుతో కలిపినపుడు దూడలు తేలికగా పుడతాయి, ఈత సులభమవుతుంది. మూపురపు జాతి తల్లి గర్భం పిండపు ఎదుగుదలను అదుపులో ఉంచడం ఇందుకు ఒక ముఖ్య కారణం. జాతుల పేర్లు మాత్రమే చూసి ఎంపిక చేసేవారు తరచుగా విస్మరించే అంశమిది.

ఆడ సంతతి: పెయ్యలను మందలో ఉంచుకొనేటట్లయితే పాలు, మాతృత్వం, మితమైన ఆకారం గల జాతి కావలెను. ఇటువంటివాటిని మాతృ జాతులు అంటారు. దూడలన్నిటినీ అమ్మివేసేటట్లయితే ఎదుగుదల, కండ చూస్తే చాలు. అందుకు పనికివచ్చేవి అంతిమ సంకరణ జాతులు. అంతిమ సంకరణానికి తెచ్చిన ఆబోతు పెయ్యలను ముచ్చటపడి ఉంచుకొనడం వలన, రెండు మూడు తరాలలో ఆవులు పెద్దవై మేతకు, ఈతకు ఇబ్బంది తెచ్చిన మందలు ఉంటాయి.

కొనుగోలుదారు: అమెరికా మార్కెట్లలో మూపురం, పొడవాటి చెవులు బాగా కనిపించే దూడలకు ధర తగ్గించడం పరిపాటి. మూపురపు జాతి పాలు పెరిగినకొద్దీ మాంసం మెత్తదనం తగ్గడం దీనికి కారణం. వధ తరువాత కండను మెత్తబరచే ఎంజైములను అడ్డుకొనే కాల్పాస్టాటిన్ అనే పదార్థం ఈ జాతుల కండలో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఆవుల మనుగడకు మేలు చేసే రక్తమే దూడల ధరను తగ్గించవచ్చును. ఈ రెండింటి మధ్య సమతూకం చూసుకోవలసి ఉంటుంది.

సంకరణ పద్ధతులు

అంతిమ సంకరణం: దూడలన్నీ అమ్మకానికే పోతాయి. దూడలలో సంకర తేజం పూర్తిగా లభిస్తుంది. అయితే ముసలి ఆవుల స్థానంలో చేర్చడానికి పెయ్యలను బయట నుండి కొనవలెను, లేదా మందలో కొంత భాగాన్ని అందుకొరకు వేరుగా పెంచవలెను.

మార్పిడి సంకరణం: రెండు జాతుల ఆబోతులను తరం విడిచి తరం వాడతారు. ఒక జాతి ఆబోతుకు పుట్టిన పెయ్యలను రెండవ జాతి ఆబోతుకు కలుపుతారు. కొన్ని తరాల తరువాత సంకర తేజంలో సుమారు 67 శాతం నిలుస్తుంది. మూడు జాతులతో చేస్తే సుమారు 86 శాతం నిలుస్తుంది. ఆవులను జాతి ప్రకారం వేరు వేరు బీళ్ళలో ఉంచవలసి రావడం దీనిలోని చిక్కు.

సమ్మిశ్ర జాతులు: ఇప్పటికే కొన్ని జాతులను నిర్ణీత పాళ్ళలో కలిపి స్థిరపరచిన జాతులివి. ఆంగస్ 5/8, బ్రాహ్మన్ 3/8 పాళ్ళు గల బ్రాంగస్, ఇదే పాళ్ళలో షార్ట్‌హార్న్, బ్రాహ్మన్ గల శాంటా గెర్ట్రూడిస్, షారొలే 5/8, మూపురపు జాతి 3/8 పాళ్ళు గల బ్రెజిల్ జాతి కాంచిమ్ ఇందుకు ఉదాహరణలు. ఒకే రకం ఆబోతుతో మందను నడపవచ్చును గనుక చిన్న మందలకు ఈ పద్ధతి అనుకూలం. 5/8, 3/8 పాళ్ళు గల జాతిలో మొదటి తరపు సంకర తేజంలో సుమారు 47 శాతం మిగులుతుంది. నాలుగు జాతులను సమపాళ్ళలో కలిపితే 75 శాతం మిగులుతుంది.

బ్రెజిల్ అనుభవం

ఈ ఎంపికలోని చిక్కులన్నీ ఒకేచోట కనిపించే దేశం బ్రెజిల్. అక్కడి మాంసపు మందలలో అత్యధిక భాగం నెలోర్ జాతి లేదా దాని సంకరాలు. నెల్లూరు పేరు మీదుగా ఏర్పడిన ఈ పేరు తెలుగునాటి ఒంగోలు జాతిదే. 1868లో సాల్వడార్ రేవులో దిగిన ఒంగోలు పశువుల జంటతో అక్కడ ఈ జాతి చరిత్ర మొదలైనట్లు చెబుతారు. 1938లో జాతి వంశావళి నమోదు ఆరంభమైంది. 1960ల తొలినాళ్ళలో మరికొన్ని మేలైన పశువులను దిగుమతి చేసుకొన్నారు. వాటిలో ఒంగోలు ప్రాంతపు గ్రామమైన కరవది పేరు గల ఆబోతు నేటి నెలోర్ వంశాలలో అనేకానికి మూలపురుషుడు.

నెలోర్ ఆవు బ్రెజిల్ నడిభాగంలోని ఎండలో, నాసిరకం గడ్డి మీద, పిడుదుల మధ్య దూడను సాకగలదు. దాని మాంసపు నాణ్యతను, ఎదకు వచ్చే వయసును మెరుగుపరచడానికి ఆంగస్‌ను ఎంచుకొన్నారు. కానీ ఆంగస్ ఆబోతు ఆ ఎండకు తాళదు. దీనికి పరిష్కారంగా ఆబోతును కాక దాని వీర్యాన్ని తెచ్చారు. హార్మోను మందులతో ఆవులన్నిటినీ ఒకే సమయానికి ఎదకు తెచ్చి కృత్రిమ గర్భధారణ చేయించే పద్ధతి విస్తరించిన తరువాత ఈ సంకరణం వేలాది మందలకు చేరింది. తల్లి నెలోర్, తండ్రి ఆంగస్ కావడం వలన ఈత కూడా సులభం.

అసలు ప్రశ్న తరువాతి తరంలో ఎదురవుతుంది. ఈ మొదటి తరపు సంకర పెయ్యను ఏ జాతితో కలపవలెను? తిరిగి నెలోర్‌తో కలిపితే దూడలోని సంకర తేజం సగానికి తగ్గుతుంది, ఆంగస్ గుణం కూడా తగ్గుతుంది. తిరిగి ఆంగస్‌తో కలిపితే దూడ ఎండకు తాళదు. అందువలన కొందరు పెయ్యలను కూడా అమ్మివేస్తారు. మరికొందరు ఐరోపా తరహా జాతులే అయినా ఎండకు అలవాటుపడిన సెనెపోల్, కరకు జాతులను గాని, దక్షిణాఫ్రికాలో రూపొందిన బోన్స్‌మారాను గాని, బ్రాంగస్ వంటి సమ్మిశ్ర జాతులను గాని మూడవ జాతిగా వాడతారు. మొదటి ఆబోతును ఎంచుకొన్న నాడే రెండవ ఆబోతు గురించి ఆలోచించవలెననడానికి ఇది నిదర్శనం.

జాతి తరువాత ఆబోతు

జాతి పేరు సగటును మాత్రమే తెలుపుతుంది. ఒకే జాతిలోని రెండు ఆబోతుల మధ్య తేడా, రెండు జాతుల సగటుల మధ్య తేడా కంటే ఎక్కువ కావచ్చును. ఆంగస్ జాతిలోనూ బరువైన దూడలనిచ్చే ఆబోతులు ఉన్నవి. అందువలన సంతతి, బంధువులు, జన్యు పరీక్షల సమాచారంతో గణించిన సంతాన అంచనా విలువలను పరిశీలించవలెను. ఇవి సాధారణంగా ఒకే జాతి లోపల పోల్చడానికి పనికివస్తాయి. వేర్వేరు జాతులను పోల్చడానికి సవరణ పట్టికలు వాడతారు.

ఆబోతు దాటడానికి తగినదో కాదో పశువైద్యునిచే ముందుగా పరీక్ష చేయించవలెను. అమెరికాలో అనుసరించే ప్రమాణం ప్రకారం 15 నెలల లోపు ఆబోతుకు వృషణాల చుట్టుకొలత కనీసం 30 సెంటీమీటర్లు, రెండేళ్ళు దాటినదానికి 34 సెంటీమీటర్లు ఉండవలెను. వీర్యకణాలలో కనీసం 70 శాతం సక్రమ ఆకారంతో, కనీసం 30 శాతం సక్రమ చలనంతో ఉండవలెను. కాళ్ళు, గిట్టలు, కళ్ళు, స్వభావం కూడా చూడవలెను. ఎంత మేలైన జాతి అయినా కుంటి ఆబోతు ఆవుల వెంట తిరగలేదు.

తెలుగునాట

భారతదేశంలో ఆవుల సంకరణం పాల కొరకు జరుగుతున్నదే గాని మాంసం కొరకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ఆవుల వధను నిషేధిస్తున్నది. దేశం నుండి ఎగుమతి అయ్యే పశుమాంసం గేదె జాతిది. అయినప్పటికీ పై సూత్రాలు పాడి సంకరణానికి కూడా వర్తిస్తాయి. చిన్న ఆకారపు నాటు ఆవులకు హోల్‌స్టీన్ కంటే జెర్సీ వీర్యాన్ని సూచించడం ఈత సౌలభ్యాన్ని దృష్టిలో పెట్టుకొనే. విదేశీ రక్తం పాలు మితిమీరిన ఆవులు వేసవి ఎండకు, పిడుదుల జ్వరాలకు లోనవడం పాడి రైతులకు తెలిసిన విషయమే.

శుద్ధ జాతుల ఆవశ్యకత

సంకర తేజం మొదటి తరంలోనే పూర్తిగా ఉంటుంది. దానిని మళ్ళీ మళ్ళీ పొందవలెనంటే రెండు వైపులా శుద్ధ జాతులు నిలిచి ఉండవలెను. అమెరికా దక్షిణ తీరంలో బ్రాహ్మన్, హెర్‌ఫర్డ్ సంకర ఆవులకు గిరాకీ ఎక్కువ. వాటిని తయారుచేయడానికి శుద్ధ హెర్‌ఫర్డ్ ఆవులను, శుద్ధ బ్రాహ్మన్ ఆబోతులను ఎవరో ఒకరు పెంచుతూనే ఉండవలెను. అందరూ సంకరణానికే మొగ్గితే సంకరణానికి మూలమే మిగలదు.

ఒంగోలు జాతి విషయంలో ఇది మరింత స్పష్టం. ట్రాక్టర్లు వచ్చి సేద్యపు ఎడ్ల అవసరం తగ్గిన తరువాత స్వస్థలంలో ఈ జాతి ప్రాధాన్యం సన్నగిల్లింది. గుంటూరు సమీపంలోని లాం, ప్రకాశం జిల్లాలోని చదలవాడ పశుక్షేత్రాలు దీని పరిరక్షణకు కృషి చేస్తున్నవి. బ్రెజిల్‌లోని మందలు మాంసం కొరకు తరతరాలుగా ఎంపిక చేసినవి. దుక్కి బలం, పాలు, నడక వంటి గుణాలతో కూడిన మూల జన్యు సంపద ఈ జాతి పుట్టిన నేలపై నిలిచినప్పుడే, రేపటి అవసరాలకు తగిన ఆబోతును ఎంచుకొనే అవకాశం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

• ఒంగోలు జాతి పశువులు
• కృత్రిమ గర్భధారణ
• పశు పోషణ
• సంకర తేజం